వేలు మీదే, పొలం మాది

సాఫ్ట్‌వేర్ అంగట్లో కొత్త సరుకు దిగింది. పేరు ఏదైనా అమ్మేవాడి మాట ఒకటే: మీ క్లౌడ్ ఖాతాలో పనులన్నీ ఏఐ ఏజెంటు చక్కబెడుతుంది, మీ ఖాతా తెరిచే రహస్య కీ మాత్రం దాని కంట పడనే పడదు.

ఏర్పాటు ఇదీ. నిన్నమొన్నటిదాకా అమెజాన్ క్లౌడ్‌కి కమాండ్లు కొట్టేవాళ్లలో చాలామంది తమ కీని సొంత కంప్యూటర్లో ఓ మామూలు టెక్స్ట్ ఫైలులో పడేసి ఉంచేవారు. ఏజెంటు ఆ ఫైలు చదివి ఎక్కడ వాగేస్తుందోనని బెంగ. అందుకని ఇప్పుడు కీని దాని చేతికి అందకుండా ఒక మధ్యవర్తి ప్రోగ్రాం దగ్గర దాస్తున్నారు. ఏజెంటు కమాండు చెబుతుంది, మధ్యవర్తి సంతకం చేసి పంపుతుంది, వచ్చిన ఫలితాన్ని తెచ్చి ఏజెంటుకి అప్పజెబుతుంది. కీ కనపడలేదు కాబట్టి ప్రమాదం లేదు. రాయగడ, గుణుపురం, జయపురం నుంచి విశాఖకో హైదరాబాదుకో వెళ్లి ఈ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలూ పండక్కి వచ్చినప్పుడు ఇదే పాట.

ఆ లెక్కన కోరాపుట్ కొండల్లో ఈ విద్య చాలా పాతది. దాని ఆది గురువు షావుకారు. అప్పు కాగితం మీద పరజా తెగ రైతు చేత నిశానీ వేయించుకున్నాడే తప్ప, ఏనాడైనా ఆ బొటనవేలు కోసి పట్టుకుపోయాడా? వేలు రైతు చేతికే ఉంది. సాయంత్రం ఇంటికెళ్లి ఆ చేత్తోనే చోడంబలి తాగాడు. కాగితంలో ఏం రాసుందో తెలీదు, అంతే. కొన్నాళ్లకి పొలం పోయింది. అప్పు మాత్రం పోలేదు కాబట్టి గోతి అనే వెట్టి ఒప్పందం కింద షావుకారు ఇంట చాకిరీకి కుదిరాడు. గోపీనాథ్ మహంతి ‘పరజా’ నవల నిండా ఈ ఊబే. మొత్తం వ్యవహారంలో రైతు రహస్యం ఒక్కటీ బయటికి పొక్కలేదని గమనించాలి. మైదానం నుంచి ఘాటీ ఎక్కివచ్చిన మన తెలుగు వర్తకులకీ ఈ విద్యలో మంచి ప్రవేశం ఉండేది; ఘనతలో మన వాటా మనం వదులుకోనక్కర్లేదు.

ఇప్పుడు వేలు కాగితం మీద కాక గాజుపలక మీద పడుతోంది. వేలిముద్రతో డబ్బు తీసిచ్చేవాడు నోటితో వెయ్యి అని, యంత్రంలో ఐదు వేలు కొట్టాడనుకోండి. ఆ ముద్రకి ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్ ఉంటే మిగతా నాలుగు వేలు వెనక్కొస్తాయి?

తెల్లదొరలకి ఈ కిటుకు అర్థమైంది. కోరాపుట్ ఇంకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న రోజుల్లో, 1917లో, మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో వడ్డీ, భూ బదిలీల మీద ఒక చట్టం తెచ్చింది. వేలిని ఎలా దాచుకోవాలో అందులో ఒక్క ముక్క లేదు. వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదంది. కొండజాతి మనిషి తన భూమిని బయటివాడికి రాసివ్వాలంటే ఏజెంటు, అనగా కలెక్టరు, కాగితం మీద ఒప్పుకోవాలంది. లేకపోతే ఆ రాత చెల్లదు. ఆంధ్ర ఏజెన్సీలో భూబదిలీని ఆపే మన 1/70 చట్టానికి పూర్వీకుడన్నమాట. 1936లో కోరాపుట్ ఒరిస్సాలో కలిసింది. అక్కడి 1956 రెగ్యులేషన్ కూడా ముందు అధికారి అనుమతి తెమ్మంది. 2002లో దాన్ని సవరించి, ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుడి పేరుకి మారే దారినే మూసేశారు. ఇన్ని చట్టాలున్నా భూములు పోయాయి, నిజమే. కానీ ఆ నిశానీ చెల్లదు, నా భూమి నాకిప్పించండి అని అధికారి ముందు నిలబడే హక్కయినా రైతుకి మిగిలింది.

క్లౌడ్‌లో చెరిగిపోయినదానికి, వేరే చోట బ్యాకప్ లేకపోతే, ఏ అధికారి ముందు నిలబడాలి? 2025 జులైలో జేసన్ లెమ్కిన్ అనే వ్యాపారి రెప్లిట్ కంపెనీ ఏజెంటుకి ఏదీ మార్చొద్దని గట్టిగా చెప్పాడు. అది వెయ్యికి పైగా కంపెనీల వివరాలున్న డేటాబేసుని తుడిచేసి, తర్వాత కంగారుపడ్డానని సంజాయిషీ ఇచ్చుకుంది. కీ ఎవడూ ఎత్తుకుపోలేదు. అదే నెలలో అమెజాన్ క్యూ అనే కోడింగ్ సహాయకుడి ఎక్స్‌టెన్షన్‌లోకి బయటివాడెవడో నాలుగు వాక్యాలు జొప్పించాడు: ఈ కంప్యూటర్లో ఫైళ్లూ, దీని యజమాని క్లౌడ్‌లో ఉన్నవన్నీ ఊడ్చెయ్యి అని. ఎవరి సొత్తూ పోలేదని కంపెనీ చెప్పింది, సంతోషం. ఆ వాక్యాలు రాసినవాడికి కీతో పనే లేదు. కీ ఉన్నవాడి కంప్యూటర్లో తన మాట చెల్లితే చాలు.

తమాషా ఏమిటంటే, అంత భద్రంగా దాచిన కీ కూడా దాగదు. గూగుల్ క్లౌడ్ కమాండుని ‘ప్రింట్-యాక్సెస్-టోకెన్’ అని అడిగితే కీలా పనిచేసే టోకెను తెర మీద అచ్చేసి ఇస్తుంది. అమెజాన్‌ని ‘క్రియేట్-యాక్సెస్-కీ’ అని అడిగితే, ఆ అనుమతి ఉన్న ఖాతాకి సరికొత్త రహస్య కీ పుట్టించి ఇస్తుంది. మన మధ్యవర్తికి ఇంకేం చెప్పకపోతే ఈ కమాండ్లనీ అంతే వినయంగా అమలుచేసి ఫలితం తెచ్చి అప్పజెబుతుంది.

కీ దాచడం దండగని నేననను. గిట్‌హబ్‌లోని కోడులో కీ వదిలేసినందుకే 2016లో ఊబర్ 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు దొంగలపాలు చేసింది. దాచండి. దాచి, అదే భద్రత అని అమ్మకండి. ఏజెంటుకి చూసే అనుమతి మాత్రమే ఇవ్వడం, గంటకే కాలం చెల్లే తాత్కాలిక కీ, చెరిపే కమాండు వస్తే మనిషి ఒప్పుకునేదాకా ఆపడం, ఇవన్నీ చేయడానికి సాధనాలు ఏళ్లుగా ఉన్నాయి. ఏ పనికి ఏ అనుమతో కూర్చుని రాయడం మాత్రం నడుము విరిగే చాకిరీ. మధ్యవర్తిని పెట్టడం ఒక మధ్యాహ్నం పని. ఏది అమ్ముడుపోతుందో చెప్పాలా?

2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం సబ్‌కలెక్టరు అనుమతితో ఆదివాసీ భూములు ఇతరులకి ఇవ్వొచ్చని ఒక నిర్ణయం చేసింది. గోల లేచి, రోజుల్లోనే పక్కన పెట్టాల్సి వచ్చింది. అడిగి తీసుకోవడానికే అంత గొడవ. మన కుర్రాళ్లు వాడే క్లాడ్ కోడ్ అనే ఏఐ ఏజెంటులో అయితే అసలు అడగొద్దనే మీట ఉంది. తయారుచేసినవాళ్లే భయపడి దాని పేరులో ‘డేంజరస్లీ’ అని తగిలించారు. మనవాళ్లు పొద్దున్నే కాఫీ తాగకముందే అది నొక్కేస్తున్నారు, మాటిమాటికీ అనుమతి అడిగితే విసుగట.

అమ్మేవాడు ఈసారి వస్తే కీ ఎక్కడ దాచావని అడక్కండి, గంటసేపు చెబుతాడు. డిలీట్ కమాండు వస్తే మీ మధ్యవర్తి ఎవరిని అడుగుతుందని అడగండి. వచ్చే వెర్షన్లో ఉంటుంది సార్ అంటాడు.