డిటెక్టివ్ సంజీవని

మూలం:

కుక్క చచ్చె ననుచు కుర్రవా డరుదెంచె
తూట చేతఁ బట్టి తోడు కొరకు;
అడుగు జాడ చూచి యద్దము చేఁబట్టి
పట్టె దొంగ నతఁడు పాట లేక.

అవతారిక: ఈ ఆటవెలది కరీంనగర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, టీవీలో సబ్బుల ప్రకటనలు నడుస్తుండగా పుట్టింది. కర్త పేరు గ్రంథస్థం కాలేదు. నేనేనని మా ఇంట్లో ఒక అపవాదు ఉంది. పద్యానికి ఆధారం ‘డిటెక్టివ్’ సినిమా. మిస్కిన్ 2017లో తమిళంలో తీసిన ‘తుప్పరివాళన్’కు ఇది తెలుగు రూపం. పత్తేదారు విశాల్, అతని జోడీదారు ప్రసన్న. ఆర్థర్ కానన్ డాయల్ రాసిన షెర్లాక్ హోమ్స్‌ను లండన్ పొగమంచులోంచి లేపుకొచ్చి చెన్నై ఉక్కపోతలో నిలబెట్టారు.

ఇంత చిన్న విషయానికి వ్యాఖ్యానమా, దానికి మీకేం అధికారం అంటారా? కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన మల్లినాథసూరి మాకు పరాయివాడు కాడు, మెదక్ జిల్లా కొల్చారం మనిషి. మా గంగాధర దగ్గరి కురిక్యాలలో, బొమ్మలగుట్ట బండ మీద పదో శతాబ్దపు జినవల్లభుడి శాసనంలో తెలుగు కందాలు కూడా ఉన్నాయి. బండ మీదే పద్యం చెక్కినచోట టీవీ ముందు ఒకటి చెప్పుకుంటే మునిగిందేమీ లేదు.

మల్లినాథుడు వ్యాఖ్యకు ముందే రెండు ఒట్లు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని. పాత కథను సినిమా తీసే దర్శకుడు కూడా ఒక వ్యాఖ్యాతే. కనుక మిస్కిన్‌నూ ఈ రెండు ఒట్ల మీదే నిలబెడదాం.

ప్రతిపదార్థం: కుక్క చచ్చెను అనుచు = శునకము హతమైనదని పలుకుచు. ఒక బడిపిల్లవాడు తన కుక్కను ఎవరో కాల్చి చంపారని దాచుకున్న పైసలతో పత్తేదారు దగ్గరికి వస్తాడు. ఇక్కడ మా అమ్మ పూర్వపక్షం చేసింది: “కుక్క సచ్చిందని ఎవలన్న కేసు వెడ్తరా బిడ్డా? మన తాన మనిషి సస్తెనే పట్టించుకోరు.” దీనికి సమాధానం: డాయల్ మతంలో కుక్క చిన్న ప్రాణి కాదు. 1892 నాటి ‘సిల్వర్ బ్లేజ్’ కథలో కుక్క మొరగకపోవడమే సాక్ష్యం. 1901లో మొదలైన ‘బాస్కర్‌విల్స్’ నవలలో కుక్కే యముడు. మొరగని కుక్క అయింది, చంపే కుక్క అయింది, ఇక మిగిలింది తన చావే కేసైన కుక్క. దాన్ని మిస్కిన్ పూరించాడు. ఇది మూలంలో లేదు, కానీ మూలకర్త చూస్తే తనకెందుకు తట్టలేదని నొచ్చుకునేవాడు. మొదటి ఒట్టు తప్పినా ఇక్కడ క్షమించవచ్చు.

తోడు కొరకు = సహాయార్థము. తోడు అనగానే హోమ్స్ జోడీదారు వాట్సన్ గుర్తుకు రావాలి. మన కొమ్మూరి సాంబశివరావు కూడా డిటెక్టివ్ యుగంధర్ పక్కన రాజును పెట్టాడు. పత్తేదారు తెలివి పాఠకుడికి తెలియాలంటే అడిగేవాడు ఒకడు ఉండాలి కదా. ఈ సినిమాలో ప్రసన్న ఆ పని బుద్ధిగా చేశాడు. జేబులు కొట్టే పిల్లగా అను ఇమ్మానుయేల్ కూడా ఉంది. ఆమె హోమ్స్ కథల్లోది కాదు, బాక్సాఫీసు అడిగిందనుకుంటాను.

అద్దము చేఁబట్టి = భూతద్దము ధరించి. 1887లో వచ్చిన మొదటి హోమ్స్ నవలలోనే అద్దం ఉంది, దాని పక్కనే కొలతల టేపూ ఉంది. యతి కుదరక కవి టేపును వదిలేశాడు.

ఇక్కడ అన్వయ దోషం ఒకటి. వ్యాకరణం ప్రకారం ‘అతఁడు’ అంటే పై పాదంలోని కుర్రవాడే. అంటే దొంగను పట్టింది పిల్లగాడు అవుతాడు. దిద్దబోయి ఆగాను. పెద్దలెవరూ పట్టించుకోని తూటాను దాచి తెచ్చింది వాడే కదా! దోషం అలాగే ఉండనీ. ‘దొంగ’ అన్నా హంతకుడనే అర్థం; సూర్యగణంలో హంతకుడు పట్టడు.

పద్యం చెప్పకుండా దాటేసింది కొట్లాట. చైనా హోటల్లో విశాల్ చితకబాదే ఘట్టం వచ్చినప్పుడు శుద్ధ సాహిత్యవాదిగా నేను మొహం చిట్లించాను. హోమ్స్ మెదడుతో కొట్టాలి గాని చేతులతోనా? తర్వాత పుస్తకం తీసి చూస్తే, 1903 నాటి ‘ఎంప్టీ హౌస్’ కథలో జపాన్ కుస్తీ తనకు వచ్చని హోమ్సే చెప్పుకున్నాడు. శత్రువు మొరియార్టీ పట్టు విడిపించుకుని, అతను లోయలో పడేలా చేసింది ఆ విద్యతోనే. వేరు ఉంది, ఊడలే మరీ దిగాయి.

పద్యంలో రానిది ఇంకొకటి పిడుగు. సినిమాలో తండ్రీ కొడుకులు పిడుగుపాటుకు పోతారు. అది దైవికం కాదు, హత్య అంటాడు పత్తేదారు. అప్పటిదాకా ఆదిలాబాద్ నుంచి వచ్చిన మా బావ పల్లీలు ఒలుచుకుంటూ, ప్రతి పాత్రనూ “గీడే చంపిండు” అని పట్టిస్తూ కూర్చున్నాడు. పిడుగు దగ్గర చెయ్యి ఆగింది. “మా దిక్కు తొలకరిల పత్తి ఇత్తనం పెట్టంగనే పిడుగు వడి ఆడోళ్లు, మొగోళ్లు పోతరు. వాన తప్పించుకుందామని చెట్టు కిందికి ఉరికినోళ్లే ముందుగాల పోతరు. దాన్ని ఒకడు చేపిచ్చిండంటే నవ్వాల్నా, ఏడ్వాల్నా?” అన్నాడు.

దీనికి వ్యాఖ్యాత దగ్గర చమత్కారం లేదు. నల్లరేగడి చేలో నిలువెత్తు వస్తువు మనిషే. జూన్‌లో ఉరిమిందంటే అక్కడ పరుగెత్తి చేరడానికి ఇల్లు ఉండదు. శాస్త్రం సంగతి అడిగితే, తీగ కట్టిన రాకెట్‌ను మబ్బులోకి పంపి పిడుగును దించే ప్రయోగాలు 1960ల నుంచి జరుగుతున్నాయి. దానికి నెత్తిమీద విద్యుత్తు నిండిన మబ్బు సిద్ధంగా ఉండాలి. ఇది చెబితే బావ, “అయితే మబ్బు సుత హంతకునికి దోస్తేనా?” అని మళ్లీ పల్లీల్లో పడ్డాడు. ఈ ఒక్క ఆక్షేపణకు మిస్కిన్ దగ్గర గాని, నా దగ్గర గాని సమాధానం లేదు.

పాట లేక = గీతవర్జితముగా. పద్యానికి ప్రాణం ఇదే. ఈ సినిమాలో పాటలు లేవు. హంతకుడి వెంట పరుగెత్తుతున్న హీరో ఉన్నట్టుండి స్విట్జర్లాండ్‌లో తేలడు. అక్కర లేనిది చెప్పనన్న రెండో ఒట్టును ఇంత గట్టిగా పట్టుకున్న దర్శకుడు మన వైపు అరుదు. 1986లో జంధ్యాల మల్లాది నవలను ‘చంటబ్బాయ్’గా తీసినప్పుడు చిరంజీవి పత్తేదారు చేతా పాడించాల్సి వచ్చింది. టీవీవాళ్లకు మాత్రం ఈ వ్రతం పట్టలేదు. పాటలు లేని లోటు ప్రకటనలతో తీర్చారు. మా అమ్మకు సబ్బు పాట కంఠస్థమైంది, విలన్ పేరు మాత్రం ఇప్పటికీ తెలియదు.

తాత్పర్యం: మొదటి ఒట్టు సగం నిలిచింది, రెండోది పూర్తిగా నిలిచింది. మల్లినాథుడు పరీక్ష పెడితే మిస్కిన్ పాసే, పిడుగు ప్రశ్నకు మార్కులు కోసినా సరే.

చూడనివారికి మనవి: ఈ వ్యాఖ్యలో హంతకుడి పేరు ఎక్కడా రాయలేదు. ఆదిలాబాద్ నుంచి మా బావ ఫోన్ చేస్తే మాత్రం ఎత్తకండి.