అభిరుచి న్యాయపీఠానికి ఒక ప్రేమగీతం తరఫున విన్నపం

మహారాజశ్రీ పాప్ సంగీత విమర్శక న్యాయమూర్తుల వారి సముఖమునకు,

విషయం: సెలీన్ డియాన్ గారి పాటపై చిరకాలంగా నలుగుతున్న అభియోగాల పునర్విచారణ.

ఆర్యులారా,

పై విషయానికి సంబంధించి సవినయంగా మనవి చేయునదేమనగా, జేమ్స్ హార్నర్ స్వరపరచగా, విల్ జెన్నింగ్స్ రచించగా, కెనడాలోని క్యుబెక్‌కు చెందిన డియాన్ ‘టైటానిక్’ చిత్రానికి పాడిన ‘మై హార్ట్ విల్ గో ఆన్’ 1998లో ఆస్కార్‌ను, 1999లో నాలుగు గ్రామీలను గెలుచుకున్నప్పటికీ, తమ కొలువులో మాత్రం చాలాకాలం ముద్దాయిగానే నిలబడి ఉన్నది.

మొదటి అభియోగం ‘అతి’. పాప్ సంగీతంలో బ్యాలడ్ అంటే నెమ్మదిగా మొదలై, అంతకంతకూ వాద్యాలను కలుపుకుంటూ, చివర గొంతు విప్పి పాడే ప్రేమగీతం. ఈ పాట ముగింపులో ఆధారశ్రుతి ‘ఇ మేజర్’ నుంచి ‘ఏ ఫ్లాట్ మేజర్’కు ఎగబాకగా, గాయని అప్పటివరకూ దాచుకున్న బలమంతా అక్కడ వెచ్చిస్తుంది. ప్రక్రియకు లక్షణమైన ఈ ఆరోహణను దోషంగా ఎంచిన తమరు, రాక్ గాయకుడు గిటార్ విరగ్గొట్టినప్పుడు దానిని నిజాయతీగా ఎలా స్వీకరించగలిగారో ఏ తీర్పులోనూ సెలవివ్వలేదు.

రెండవది ‘వ్యాపార కుతంత్రం’. దర్శకుడు జేమ్స్ కామెరాన్‌కు చిత్రం చివర పాట పెట్టడమే ఇష్టం లేకపోగా, హార్నర్ ఆయనకు తెలియకుండా దానిని సిద్ధం చేసి తరువాత ఒప్పించినట్లు ప్రసిద్ధి గనుక, ఈ కుతంత్రంలో ప్రధాన లబ్ధిదారుకే భాగం లేదని గమనించ ప్రార్థన.

మూడవది, పైకి చెప్పనిది, ‘అందరికీ నచ్చడం’. అభిరుచి అనేది సామాజిక అంతస్తును చాటుకునే సాధనమని ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త పియరీ బోర్దియూ 1979లోనే నిరూపించబూనగా, ఆ వెలుగులో టొరంటో విమర్శకుడు కార్ల్ విల్సన్ 2007లో తమ వర్గం పక్షాన ఒక పుస్తకమే రాసి, డియాన్ పట్ల తన ఏవగింపులో సంగీతం పాలెంత, ఆమె శ్రోతల పట్ల చులకన పాలెంత అని విచారించారు. అంతకు మునుపు 1976లో, ప్రేమపాటలు తప్ప రాయలేడన్న నిందకు గాయకుడు పాల్ మెకార్ట్‌నీ మరొక ప్రేమపాటతోనే జవాబివ్వగా, అది అమెరికాలో ఐదు వారాలు అగ్రస్థానంలో నిలిచింది. తమ సంప్రదాయం ప్రకారం ఆ ప్రజాదరణ కూడా నేరాంగీకారమే కాబోలు.

ఇటీవల పీఠం వైఖరి మారినందుకు కృతజ్ఞతలు. రాక్‌నే ప్రమాణంగా పెట్టుకుని మిగతా సంగీతాన్ని తూచే ‘రాకిజం’ను 2004లో విమర్శకుడు కెలెఫా సానే న్యూయార్క్ టైమ్స్‌లో ఎండగట్టిన తరువాత, పాప్‌ను గౌరవించే ‘పాప్టిమిజం’ బలపడి, పాత ముద్దాయిలు ఒక్కొక్కరే విడుదలవుతున్నారు. అయితే అమ్ముడుపోయిందని శిక్షించడం ఎంత అన్యాయమో, అమ్ముడుపోయిందనే విడుదల చేయడమూ అంతే అన్యాయం, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ సాక్ష్యంగా పరిశీలించింది అమ్మకాల పట్టికనే గాని పాటను కాదు.

కావున, ఇకపై ఏ ప్రేమగీతం పైనయినా తీర్పు చెప్పేటప్పుడు శ్రుతి ఎక్కడ మారిందో, గొంతు ఎక్కడ బిగిసిందో, ఆ బిగువు పాటలోని వియోగానికి సరితూగిందో లేదో కారణాలతో సహా నమోదు చేయవలసిందిగానూ, ఆ విచారణలో పాట ఓడిపోతే యథావిధిగా శిక్షించవలసిందిగానూ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయులైన శ్రోతలు