తిక్కనా, యుయుత్సుడా?

మగపిల్లాడు పుట్టాడు. తల్లి ఒక పేరు అనుకుంది, తండ్రి ఇంకొకటి అనుకున్నాడు. రెండూ ఆ వీధిలోనే కాదు, ఊళ్లోనే ఎవరికీ లేని పేర్లు. ఇలాంటి చిక్కులో పడ్డవాళ్లకి నేను చెప్పే మొదటి మాట: పొరపాటున కూడా పిల్లాడి మొహం చూడకండి. చూస్తే జాలేస్తుంది, జాలి వేస్తే ఏ రాముడో కృష్ణుడో అని పెట్టి ఊరుకుంటారు.

నాకున్న అర్హత చెప్పుకోవాలి కదా. పోయినేడు మా చెల్లెలికి కొడుకు పుట్టినప్పుడు ఈ తగవు మొదటినుంచి చివరిదాకా నా చేతుల మీదుగానే నడిచింది. మేం పెరిగింది నెల్లూరులో. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉంటూ, భారతంలో విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగు చేసినాయన పేరే తన కొడుక్కి పెట్టాలంది చెల్లెలు. తిక్కన. బావగారు 'యుయుత్సు' అన్నారు. ఎవరండీ ఆయన అంటే, ధృతరాష్ట్రుడి కొడుకేనట, కానీ నూరుగురిలో లెక్కకు రాడు. వైశ్యస్త్రీకి పుట్టినవాడు. కురుక్షేత్రంలో రెండు సేనలూ ఎదురెదురుగా నిలబడ్డాక, మావైపు వచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ధర్మరాజు అడిగితే కౌరవుల లోంచి నడిచి వచ్చింది ఈయనొక్కడే. యుద్ధం ముగిశాక ధృతరాష్ట్రుడి కొడుకుల్లో ప్రాణాలతో మిగిలిందీ ఈయనొక్కడే. పాండవులు మహాప్రస్థానానికి పోతూ పరీక్షిత్తుకి పట్టం కట్టి, రాజ్యాన్ని ఈయన కనిపెట్టుకుని ఉండేలా అప్పగించి వెళ్లారు. ఇంత నెమ్మదస్తుడి పేరుకి అర్థం మాత్రం యుద్ధానికి ఉవ్విళ్లూరేవాడు అని.

ఇక్కడో రహస్యం ఉంది. యుయుత్సుడు అటునుంచి ఇటు నడిచివచ్చేది భీష్మపర్వంలో. దాన్ని తెనిగించింది తిక్కన. అంటే ఆలుమగలిద్దరూ కొట్టుకుంటున్నది ఒకే పుస్తకం కోసం. ఈ సంగతి వాళ్లకి చచ్చినా చెప్పకండి. చెబితే రాజీ పడిపోతారు. రాజీపడ్డ ఇంట్లో మేనమామకి పనేముంటుంది?

ఎటూ తేలకపోతే పంచాంగం తియ్యండి. విశాఖ మొదటి పాదానికి 'తీ', జ్యేష్ఠ నాలుగో పాదానికి 'యూ'. రెండు పేర్లకీ చెరో నక్షత్రం సిద్ధంగా ఉంది. మావాడు ఆ రెంటికీ నడుమ అనూరాధలో పుట్టి కూర్చున్నాడు. నా నీ నూ నే. ఇద్దరి పేర్లూ గంగలో కలిశాయి. ఇలాంటప్పుడు మార్చాల్సింది పేరు కాదు, పంచాంగం. దృక్‌సిద్ధాంతం వాళ్లదొక లెక్క, పూర్వసిద్ధాంతం వాళ్లదొక లెక్క కాబట్టి నక్షత్రాన్ని అటో ఇటో జరుపుకునే వెసులుబాటు మన శాస్త్రంలోనే ఉంది. అదీ సరిపోకపోతే ఆసుపత్రి గోడ గడియారం మీదికి నెట్టేయండి, అది ఎదురుచెప్పదు. ఆ మాటకొస్తే మాది అదృష్టమే. హస్త మూడో పాదంలో పుట్టినవాడికి వచ్చే అక్షరం 'ణ'. ఆరుద్ర మూడో పాదానికి 'ఙ'. 'ఙ'తో మొదలయ్యే పేరున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఇది చదవడం ఆపి మీరే నాకు నాలుగు ముక్కలు రాయండి.

రెండు పేర్లనూ వాకిట్లో నిలబడి గట్టిగా పిలిచి చూడమని కొందరు చెబుతారు. వద్దు. 'తిక్కన'లో చివరి అక్షరం ఊడగొట్టడానికి ఒకటో తరగతి పిల్లలకి రెండు రోజులు చాలు. ఆ సంగతి ఇప్పుడే తెలుసుకుని మనసు పాడుచేసుకోవడం దేనికి? ముఖ్యంగా 'యుయుత్సు' అన్న మాట వినికిడి తగ్గిన ముసలివాళ్ల దగ్గర అనకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇంగ్లీషు స్పెల్లింగు మాత్రం ఈరోజే తేల్చేయండి. 'త'కి టీ ఒక్కటే రాస్తే మనవాళ్లే టిక్కన అంటారు. పక్కన హెచ్ పెడితే వింధ్య దాటగానే థిక్కన అవుతాడు. కాబట్టి సంఖ్యాశాస్త్రం తెలిసినాయన దగ్గరికి వెళ్లి, ఆయన చెప్పినన్ని అక్షరాలు అదనంగా తగిలించుకోండి. రెండు పేర్లూ కలిపేసి ముందు ఇంటిపేరు, మధ్యలో తాతగారి పేరు పేర్చినా మంచిదే. రేపు పాస్‌పోర్టులో ఏది ఏ గడిలో పడాలో తెలియక అన్నీ ఒకే గడిలో పడతాయి. రెండోది ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద 'ఎఫ్‌ఎన్‌యూ' అని కొట్టి ఇస్తారు, మొదటి పేరు తెలియదని దానర్థం. ఇదేదో ఇంకా అరుదుగా ఉందే అని మురిసిపోకండి. అక్కడ మనవాళ్లలో ఆ పేరుగలవాళ్లు చాలామందే ఉన్నారు.

తేల్చకుండా వదిలేసినా ఎవరూ ఏమీ అనరు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన సంగతి 21 రోజుల్లో చెప్పాలి గానీ పేరు చెప్పనక్కర్లేదు. 12 నెలల్లోపు ఊరికే చేరుస్తారు, ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టించుకుని 15 ఏళ్ల దాకా చేరుస్తారు. పదిహేనేళ్లంటే సరిగ్గా టెన్త్. మెమోలో పడేదే అసలు పేరు కనుక ఆలోచించుకోవడానికి అంతకాలం ఉన్నట్టే. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి బడిలో చేరాలన్నా, ఆధార్ తీయాలన్నా పుట్టినతేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం అని మీ బావమరిది ఎవరైనా బెదిరిస్తే, బడికి పంపితే కదా అనండి.

మా తాతల కాలంలో ఈ గొడవ లేదు. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతున్న ఇళ్లలో పసిగుడ్డుని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేస్తే దొరికినట్టు తెచ్చుకుని పెంటయ్య అనేవాళ్లు. ఎంగిలి విస్తట్లో పొర్లించి పుల్లయ్య అనేవాళ్లు. పేరు ఎంత హీనంగా ఉంటే పిల్లాడు అంత బతుకుతాడని. ఇప్పుడు పిల్లాడి సంగతి డాక్టర్లు చూసుకుంటున్నారు, పేరు బతికించే పని మనమీద పడింది.

చివరికి మా ఇంట్లో ఎవరు నెగ్గారంటారా? ఉంగరం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి బావగారి చేతికి ఉంగరం ఇచ్చారు. ఆయన రెండు 'యు'లూ దర్జాగా రాసేశారు. 'త్సు' దగ్గరికి వచ్చేసరికి ఒత్తు రాస్తే కొమ్ము పూడిపోతుంది, కొమ్ము దిద్దితే ఒత్తు పూడిపోతుంది. ముందురోజు సాధన చేయమని నేనే చెప్పలేదు. అది నా తప్పే.

సరే, చెవిలో మూడుసార్లు చెప్పండి అన్నారు పురోహితులవారు. పక్కనే పీట మీద బావగారి నాయనమ్మ కూర్చుని ఉన్నారు. ఎనభై ఆరేళ్లు, ఒక చెవి పూర్తిగా పోయింది.

"యుయుత్సు" అన్నారు బావగారు వంగి.

"చిరంజీవ" అన్నారావిడ. మునిమనవడు తుమ్మాడనుకున్నారు.

"యుయుత్సు."

"చిరంజీవ, నాయనా. చలిగాలి తగులుతోందేమో, ఆ ఫ్యాను ఆపండర్రా."

మూడోసారికి "శతాయుష్షు" కూడా చేర్చి, మెటికలు విరిచి దిష్టి తీశారు. భోజనాలు వడ్డించే వేళకి మా చెల్లెలే "అమ్మా, చిరంజీవి ఏడుస్తున్నట్టున్నాడు చూడు" అంది, యుయుత్సు అనక్కర్లేకుండా పోయిందన్న సంతోషంతో. ధ్రువపత్రంలో రెండు పేర్లూ ఉన్నాయి, సంఖ్యాశాస్త్రం ఇచ్చిన హెచ్‌తో సహా. ఇంట్లో మాత్రం చిరు. ఆ వీధిలో ఇప్పటికే ఇద్దరు చిరంజీవులున్నారు కాబట్టి మావాణ్ణి చిన్న చిరు అంటున్నారు.