పిల్లవాడి ఎక్స్‌రే పాడవ్వాలంటే

బాసర, భైంసా, ధర్మాబాద్, బిలోలి వైపు మనవాళ్లకు పిల్లల జబ్బంటే హైదరాబాద్ కన్నా నాందేడే దగ్గర. పొద్దున రైలెక్కి డాక్టర్ లేన్‌కు చేరుతారు. ఇంకా పెద్ద అవసరమైతే విష్ణుపురిలో శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉండనే ఉంది. ఇంత దూరం పోయి, చేతినిండా ఖర్చుపెట్టి తీయించిన ఎక్స్‌రే ఎందుకూ కొరగాకుండా పోవాలంటే ఇంటిల్లిపాదీ కలిసి పనిచేయాలి. అలాంటి కుటుంబాల కోసం, వాళ్లకు తోడ్పడే సెంటర్ల కోసం ఈ చిట్కాలు.

ముందు అలంకారం సంగతి. మెడలో తాయెత్తు, నడుముకు వెండి మువ్వల మొలతాడు, చొక్కాకు ఇత్తడి గుండీలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి పిల్లవాణ్ని బల్ల ఎక్కించండి. తాయెత్తు తీస్తే దిష్టి తగులుతుందని నాయనమ్మ పట్టుబడితే, ఆ ఐదు నిమిషాలూ దాన్ని ఆమె గుప్పిట్లోనే పెట్టే ఉపాయం ఎవరికీ తట్టకూడదు. తాయెత్తు సరిగ్గా ఊపిరితిత్తి మీద తెల్లగా పడి, వెనకున్నది కనబడకుండా చేస్తుంది. ఆడపిల్లయితే రెండు జడలూ భుజాల మీదుగా ముందుకు వేయండి. బిగించి అల్లిన జడ ఊపిరితిత్తి పైభాగాన నీడ వేసి, లేని జబ్బును ఉన్నట్టు చూపిస్తుంది.

ఆ తర్వాత ఊపిరి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఛాతీ ఎక్స్‌రే గాలి నిండా పీల్చుకున్న క్షణంలో తీయాలి. వదిలేసినప్పుడు తీస్తే ఊపిరితిత్తులు ముడుచుకుని తెల్లబడతాయి, గుండె ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. లేని న్యుమోనియా, లేని గుండె వాపు ఒక్క ఫిల్ములోనే దొరుకుతాయి! టెక్నీషియన్ "శ్వాస్ ఘే, రోఖూన్ ధర్" అని మరాఠీలో చెప్తాడు, వినకపోతే "సాంస్ రోకో" అని హిందీలోకి దిగుతాడు. దెగ్లూర్ పక్క పల్లె నుంచి వచ్చిన ఆరేళ్ల పిల్ల రెండూ అర్థంకాక బిక్కమొహం వేస్తుంది. ఆ సమయంలో తల్లి నోరు మెదపకూడదు. "గాలి గట్టిగ పీల్చి ఆపు బిడ్డా" అని తెలుగులో ఒక్క మాట అందంటే బొమ్మ చక్కగా వచ్చేస్తుంది. ముందురోజు రాత్రి ఇంట్లో బుగ్గలు పూరించి ఊపిరి ఆపే ఆట ఆడించడం ఇంకా ప్రమాదం.

పసికందులకు చెప్పి ఆపించడం కుదరదు. అప్పుడే పుట్టిన బిడ్డ నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీసుకుంటుంది. అందుకే చేయి తిరిగిన టెక్నీషియన్ ఎక్స్‌పోజర్ సమయాన్ని వీలైనంత తగ్గించి, ఏడుపు మధ్య బిడ్డ గాలి లాగే క్షణం కోసం కాచుక్కూర్చుంటాడు. అలాంటివాడు తగిలితే "జల్దీ కానియ్యన్నా, రైలు టైమైతుంది" అని వెనక నుంచి తొందరపెట్టండి. కదిలిన బొమ్మ అలుక్కుపోతుంది, మళ్లీ తీయాల్సిందే.

తప్పుగా చదవడమూ ఒక కళే. పసిపిల్లల్లో గుండె పైన ఉండే థైమస్ గ్రంథి పెద్దగా, ఒక్కోసారి తెరచాపలా కనిపించడం మామూలే. గత శతాబ్దం మొదటి సగంలో అమెరికా డాక్టర్లు దాన్ని జబ్బనుకుని, కరిగించడానికి పసివాళ్లకు రేడియేషన్ పెట్టారు. వాళ్లలో కొందరికి పెద్దయ్యాక థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. మనం అంతదాకా పోనక్కర్లేదనుకోండి.

సెంటర్ నడిపేవారికి డిజిటల్ యంత్రం దేవుడిచ్చిన వరం. పాత ఫిల్ము రోజుల్లో మోతాదు ఎక్కువైతే ఫిల్ము నల్లబడి గుట్టు బయటపడేది. ఇప్పుడు ఎంత ఎక్కువ వేస్తే బొమ్మ అంత నున్నగా వస్తుంది, ఎవరూ అడగరు. కాబట్టి పెద్దవాళ్ల సెట్టింగే పిల్లలకూ ఉంచండి. సన్నటి పిల్లలకు చెదిరిన కిరణాలను వడగట్టే గ్రిడ్ అక్కర్లేదని పుస్తకాలు చెప్తాయి. అది తీస్తే మోతాదు తగ్గిపోతుంది, తీయకండి. వెలుగు పడే చట్రాన్ని ఛాతీ వరకే కుదించకుండా గడ్డం నుంచి తొడల దాకా బార్లా తెరవండి. చెదిరిన కిరణాలతో బొమ్మ మసకబారుతుంది, బిడ్డకు అక్కర్లేని చోటల్లా రేడియేషన్ తగులుతుంది. 2008లో మొదలైన 'ఇమేజ్ జెంట్లీ' ప్రచారం ఇలాంటి అలవాట్లనే మాన్పించాలని చూస్తోంది. పట్టించుకోకండి.

మంచం మీంచి పడి బుడిపె కట్టిందా? పిల్లవాడు నవ్వుతూ ఆడుకుంటున్నా సీటీ స్కాన్ కోసం పట్టుబట్టండి. సీటీ అవసరంలేని పిల్లల్ని లక్షణాలను బట్టి గుర్తించే నియమాలు 42,000 మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. కొద్ది గంటలు కళ్లముందు ఉంచి చూద్దామనే డాక్టరు వాటినే నమ్ముతాడు. "మిషన్ లేదేమో" అని లేచొచ్చేయండి.

మత్తిచ్చి ఎంఆర్‌ఐ తీస్తామన్నప్పుడు తల్లిపాలు 4 గంటల ముందు, పోతపాలు 6 గంటల ముందు ఆపమంటారు. మీరు దారిలో బిస్కెట్ ప్యాకెట్ విప్పండి. వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న భయంతో స్కాన్ వాయిదా వేస్తారు. తిన్న సంగతి దాచిపెట్టే ఘనులూ ఉన్నారు. అది మాత్రం ఈ వ్యాసానికి కూడా మించిన మూర్ఖత్వం, ప్రాణం మీదికొస్తుంది.

ఇంటికొచ్చాక ఫిల్మును ట్యూబులైటుకు ఎదురుగా పట్టి, ఫ్యాను రెక్క నీడ పడేలా ఫోన్‌లో ఫొటో తీసి, హైదరాబాద్‌లో తెలిసిన డాక్టరుకు వాట్సాప్‌లో పంపండి. సెంటర్‌లో అసలు డిజిటల్ ఫైలు అడగొద్దు. పాత ఫిల్ములు బియ్యం డబ్బా కింద పరిచేయండి. పోల్చి చూడ్డానికి ఏమీ ఉండదు కనుక మళ్లీ మొదటి నుంచి తీస్తారు.

ఎటకారం పక్కనపెట్టి ఒక్క మాట. బొమ్మ సరిగ్గా రాలేదు, మళ్లీ తీస్తామని సెంటర్‌వాళ్లు అంటే, మొదటిదాంట్లో ఏం కనబడలేదో అడగండి. కాస్త మసగ్గా ఉన్నా డాక్టరుకు కావలసింది కనబడితే రెండోది అక్కర్లేదు.