కురుమి చేతి పార

తన కథ తానే చెప్పుకోమంటే ఆ పార జాంబీలతో మొదలుపెట్టదు. కూరగాయలతో మొదలుపెడుతుంది.

జపాన్‌లోని మెగురిగవోకా ప్రైవేటు హైస్కూల్ మిద్దె మీద ఒక తోట ఉండేది. పక్కనే సోలార్ పలకలు, నీళ్లు శుద్ధిచేసే ఏర్పాటు. తోటపని క్లబ్బు పిల్లలు మళ్లు కట్టి కూరగాయలు పెంచేవాళ్లు. పార ఆ తోటది. మన తెలంగాణలోని తిరుమలగిరి చుట్టుపక్కల వరి మళ్లలో ఒడ్లు చెక్కే పారకు, దానికి పోలిక తక్కువ. మన పార మట్టిని మనిషి కాళ్ల వైపు లాగుతుంది. నిటారు కర్రకు చివర పిడి ఉన్న ఆ జపాన్ పార మట్టిని ఎత్తి ముందుకు పోస్తుంది. ఇనుము ఎక్కడ కరిగిందో, రేకు ఎవరు సాగగొట్టారో దానికి గుర్తులేదు. తోట మాత్రం మొక్క మొక్కా గుర్తుంది.

"నేను తవ్విన మళ్లలో పండిన కూరగాయలు తినే ఆ పిల్లలు బతికారు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు" అంటుంది పార. దాని మొదటి మనస్తాపం ఇదే.

ఈ పార ఉండే కథ పేరు 'గక్కో గురాషి'. నొరిమిత్సు కైహో రాయగా సదోరు చిబా బొమ్మలు గీసిన ఈ మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, 2012లో హౌబున్‌షా వాళ్ల 'మాంగా టైమ్ కిరారా ఫార్వర్డ్' పత్రికలో మొదలైంది. కిరారా పత్రికలంటే ముద్దొచ్చే ఆడపిల్లలు, బడి క్లబ్బులు, టీ తాగుతూ చెప్పుకునే కబుర్లు. 'కే-ఆన్' పుట్టింది ఆ కుటుంబంలోనే. అందుకే 2015 జులై 9న లెర్చే స్టూడియో తీసిన యానిమే మొదటి భాగం టీవీలో వచ్చినప్పుడు చాలామంది అలాంటి కథే అనుకున్నారు. పిల్లి చెవుల టోపీ పెట్టుకున్న యుకి, బడిలోనే కాపురముండే క్లబ్బు, అల్లరి కుక్కపిల్ల తారోమారు, మెత్తని మనసున్న మేగు-నే టీచర్. వీళ్ల మధ్య రెండు పిలకల కురుమి ఎక్కడికి వెళ్లినా పార భుజానేసుకుని తిరుగుతుంది. ఈ పిల్లకు పార పిచ్చి కాబోలని చూసేవాళ్లు నవ్వుకున్నారు.

ఆ నవ్వుకు కారణం తనేనని పారకు తెలుసు. ఆ భాగం చివరి నిమిషాల్లో కిటికీ అద్దాలు పగిలి, బెంచీలు విరిగి, తరగతి ఖాళీగా కనిపిస్తుంది. యుకి ఎవరితో మాట్లాడుతోందో ఆ పిల్లలెవరూ లేరు. బయట మైదానంలో చచ్చినవాళ్లు తిరుగుతున్నారు. ఇంతసేపూ నవ్వించిన పారను ఆ పిల్ల ఎందుకు వదలదో అప్పుడు అర్థమవుతుంది. హాస్యం, భయం ఈ కథలో విడివిడిగా నడవవు. ఒకే వస్తువు రెండు పనులూ చేస్తుంది. ఈ సిరీస్ గొప్పదనం చాలావరకు ఇందులోనే ఉంది.

ఆ రోజు ఏం జరిగిందో పార తక్కువ మాటల్లోనే చెబుతుంది. గాయపడ్డ ఒక సీనియర్‌ను కురుమి మిద్దె మీదికి మోసుకొచ్చింది. అతనంటే ఆమెకు ఇష్టం. కాసేపటికి అతను అతనిలా లేడు. తోటలో పడి ఉన్న పార ఆమె చేతికి అందింది. "మట్టి తప్ప మరేదీ తగలని రేకు నాది" అంటుంది పార, ఆ మాట దగ్గర ఆగిపోతుంది.

తర్వాత ఏ యజమానీ చూడనంత ప్రేమగా కురుమి దాన్ని చూసింది. నిద్రలోనూ పక్కనే పెట్టుకునేది. పనయ్యాక మట్టి కడగకుండా మూలకు విసిరేసేవాళ్లను, కర్రను ఎండకు వదిలేసి నెర్రెలు పడ్డాక తిట్టేవాళ్లను పార ఎరుగును. అలాంటివాళ్ల మీద దానికి కోపం. కురుమి మీద కోపం లేదు. అయినా ఆ ప్రేమ భయంలోంచి వచ్చిందని దానికి తెలుసు, అదే దాని బాధ.

తనలాంటి దుఃఖం పడ్డ చుట్టాలు దానికి ఉన్నారు. 1968లో జార్జ్ రొమెరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో, సెల్లార్‌లో జాంబీగా మారిన ఒక చిన్నపిల్ల కన్నతల్లిని తాపీతో పొడుస్తుంది. గోడలు కట్టే తాపీకి అంత పాపం ఎందుకో! మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలు తవ్వడానికి ఇచ్చిన చిన్న పారల అంచులకు సైనికులు పదును పెట్టి, మనుషుల మీదే వాడారు. మన దగ్గర 2021 ఫిబ్రవరి 5న విడుదలైన ప్రశాంత్ వర్మ సినిమా 'జాంబీ రెడ్డి' కర్నూలు ఫ్యాక్షన్ కథలోకి జాంబీలను తెచ్చింది, నవ్విస్తూనే భయపెట్టింది. ఫ్యాక్షన్ సినిమాల్లో కొడవలి ఎంత అలవాటైపోయిందంటే, దాని అసలు పని వరి కోయడమని ప్రేక్షకుడికి గుర్తు రావడం కష్టం. పారకు ఆ కొడవలి మీద సొంత మనిషి మీద ఉన్నంత జాలి.

పార ఓడిపోయిన రోజు ఒకటుంది. బడి కింద నేలమాళిగలో ఆపత్కాలం కోసం దాచిన మందులు, తిండి ఉన్నాయని ఒక రహస్య పుస్తకం వల్ల తెలుస్తుంది. అక్కడికి దిగిన కురుమికి మేగు-నే టీచర్ ఎదురైంది, మనిషిగా కాదు. కొట్టడానికి కురుమికి చెయ్యి రాలేదు. ఆ తడబాటులోనే ఆమెకు గాయమైంది. పార దీన్ని తన వైఫల్యంగా చెప్పుకోదు. తను మళ్లీ మామూలు పారైన క్షణంగా చెప్పుకుంటుంది. ఆ నేలమాళిగ మందే తర్వాత కురుమిని బతికించింది.

ఈ జాంబీలకు బతికున్నప్పటి అలవాట్లు పోలేదు. పొద్దున బడికొస్తారు, సాయంత్రం వెళ్లిపోతారు. చివరి భాగంలో యుకి బడి మైకులో, పూట ముగిసింది, ఇళ్లకు వెళ్లండని వాళ్లకు చెబుతుంది. వాళ్లు వెళ్లిపోతారు. పార వేసిన అన్ని దెబ్బలకన్నా ఆ పిల్ల మాటే ఎక్కువమందిని పంపించింది.

2015 సెప్టెంబరు 24న పన్నెండో భాగంతో యానిమే ముగిసింది. రెండో సీజన్ రాలేదు. 2019 జనవరిలో మనుషులు నటించిన సినిమా వచ్చింది. ఆ ఏడాది చివర్లో మాంగా కూడా పూర్తయింది. జపాన్ టీవీలో మూడు నెలలకోసారి కొత్త యానిమేల గుంపు దిగుతుంది, పాతవాటిని పక్కకు నెడుతుంది. కురుమి బొమ్మలు అమ్ముడైనన్నాళ్లు వాటి చేతుల్లో పార మెరిసింది. తర్వాత అవి అరల్లోకి చేరాయి. ఎవరూ తవ్వడానికి వాడని పారకు తుప్పు రేకు అంచున మొదలై, ఇనుము కర్రను పట్టుకున్న చోటికి పాకుతుంది. అక్కడ ఒకసారి వదులైతే, మళ్లీ బిగించే చెయ్యి దొరకదు.

పిల్లల్లేని బడి కథ కోసం కల్పించింది మాత్రమే కాదు. జపాన్‌లో పిల్లలు తగ్గి ఏటా వందల బడులు మూతపడుతున్నాయి. షికొకు దీవిలోని నగోరో అనే ఊరి బడి, ఈ మాంగా మొదలైన 2012లోనే మూతపడింది. ఆ ఊరికి తిరిగొచ్చిన ఒక పెద్దావిడ గుడ్డలతో బొమ్మలు కుట్టి, తరగతి గదిలో విద్యార్థుల్లా కూర్చోబెట్టింది. యుకి కళ్లకు కనిపించిన తరగతి అదే. యుకిని పిచ్చిదనేవాళ్లు నగోరో ఫొటోలు చూడాలి. మన తెలంగాణ పల్లెల్లోనూ ఒక్క పిల్లవాడూ చేరక తాళం పడిన సర్కారు బడులున్నాయి. అలాంటి బడిలో మొదట ఎండిపోయేది పెరడు. బెంచీలనైనా ఎవరో ఒకరు పట్టుకెళ్తారు. గోడకు ఆనించిన పారను చూసేవాళ్లుండరు. వానకు తడుస్తుంది, ఎండకు కర్ర చీలుతుంది, చెదలు కింది నుంచి మొదలుపెడతాయి.

అందుకే పారకు ఒక ఊరి మీద అసూయ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. అప్పటి నుంచి ఎండాకాలం వచ్చిందంటే పల్లెల్లో పొద్దు ఎక్కకముందే పారలు, గడ్డపారలు, గంపలు బయలుదేరతాయి. తిరుమలగిరి మండలంలోనూ అంతే. వాటి వెంట ఎక్కువగా ఆడవాళ్లే. చెరువుల్లో పూడిక తీస్తారు, కాలువలు బాగుచేస్తారు. ఎవరి తలా పగలదు, మన్ను మాత్రమే కదులుతుంది. అలాంటి పనికి ఒక్క పూట పిలిచినా చాలు, కర్ర కొత్తది వేసుకుని వస్తానంటోంది ఆ పార.