ఒక ప్రింటు పద్యము: టీకా తాత్పర్యములు

అవతారిక

కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్యలు రచించిన మన మెదకు సీమవాడు కోలాచల మల్లినాథసూరి, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని పలుకననియు నియమము పూనెను. అందు రెండవ సగము ఈ వ్యాఖ్యాతకు అలవికానిది. ఏలనగా వ్యాఖ్యేయమగు విషయము, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మొదలుకొని ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్‌ల పర్యంతము గల జెరాక్సు దుకాణములందు దినదినమును జరుగు సామాన్య వ్యవహారము. అనగా తెరమీది వెబ్ పుటను అంచులు తెగకుండ కాగితముమీదికి దించుట. పద్యకర్తయు వ్యాఖ్యాతయు ఒక్కడే యగుటచే, కవిహృదయమును గూర్చి పండితుల నడుమ వివాదమునకు తావు లేదు.

మూలము

ఆ. ప్రతినిఁ దీయుముందు ప్రతిబింబమునుఁ జూడు,
అంచు తెగిన మాట హాస్యమగును,
తాళపత్రమునకుఁ దగినంత దరి యుండె,
చిత్రనగరవాస! చెప్పనేల.

ప్రతిపదార్థము

చిత్రనగరవాస = ఫిల్మ్‌నగర్ నందు ఇల్లో, ఆఫీసో, కనీసము అవకాశమో వెదకికొనుచున్న ఓయీ; ప్రతినిన్ = తెరమీది పుటకు కాగితపు నకలును; తీయుముందు = బటను నొక్కకపూర్వమే; ప్రతిబింబమునున్ = ప్రింట్ ప్రివ్యూను; చూడు = స్వయముగా చూడుము, ఆఫీసు బాయిని చూడుమని చెప్పి ఫోను మాటాడుచు కూర్చుండకుము; అంచు తెగిన మాట = కుడి మార్జిను మ్రింగిన డైలాగు; హాస్యము అగును = కరుణరసమునకై వ్రాసినదైనను కామెడీ ట్రాకున కలియును; తాళపత్రమునకున్ = తాటియాకునకు సయితము; తగినంత దరి = చాలినంత అంచు; ఉండెన్ = ఉండెడిది; చెప్పనేల = ఏ ఫోరు కాగితమునకు వేఱుగ చెప్పవలయునా?

తాత్పర్యము

ఓ చిత్రనగరవాసీ! ప్రింటునకు ముందు ప్రివ్యూ చూడనివాడు, తాను వ్రాసిన విషాదమునకు ఇతరులు నవ్వగా చూడవలసివచ్చును. అంచు వ్రాతకై ఏర్పడినది కాదు, పట్టుకై ఏర్పడినది. దానిని మనసార విడువనివానినుండి యంత్రము అక్షరములతోగూడ లాగికొనును.

విశేషాంశములు

తాటియాకు చివరలనుండియే చిట్లును, పురుగును అచ్చటనే మొదట తగులును, గ్రంథమును కట్టు త్రాటికి నడుమ రంధ్రమును కావలెను. ఈ మూటిని ఎఱిగిన లేఖకుడు గంటమును రంధ్రమునకును అంచునకును ముందే ఆపెడివాడు. 1976లో అన్నపూర్ణా స్టూడియో వెలసిననాటికి సహాయదర్శకులు కార్బను కాగితము నడుమ నిడి సీన్లకు ప్రతులు వ్రాసెడివారు. కాగితము ముగియుచున్నదని కన్ను చెప్పగనే చేయి తనంత తానే క్రింది పంక్తికి దిగెడిది. ప్రింటరునకు అట్టి కన్ను లేదు. కాగితమును లోనికి లాగు రోలర్లకు పట్టు కావలెను గనుక సామాన్యమగు యంత్రము చుట్టును కొన్ని మిల్లీమీటర్ల మేర సిరా చల్లనే చల్లదు. సెట్టింగులలో మార్జిను ‘నన్’ అని పెట్టి, ఒక పంక్తి అధికముగా లాభించితినని మురియువాడు ఈ సంగతి తెలియనివాడు.

ఇక కొలతలు. ఏ ఫోరు కాగితపు వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297. అంగుళమునకు 96 పిక్సెళ్ళని బ్రౌజరు లెక్క. ఇరువైపుల సెంటీమీటరు చొప్పున విడువగా వ్రాతకు మిగులునది సుమారు 718 పిక్సెళ్ళు. తెరకై 1000 పిక్సెళ్ళ వెడల్పున బిగించిన పుట ఇందు ఎట్లు ఇముడును? కొన్నింటిని బ్రౌజరు తానే కుదించును, కొన్నింటి కుడిభాగమును నిర్దాక్షిణ్యముగ విడిచివేయును. అమెరికా బంధువు పంపిన ల్యాప్‌టాపున కాగితము ‘లెటర్’ అని యుండుట వేఱొక చిక్కు. అది ఏ ఫోరుకన్న 6 మిల్లీమీటర్లు వెడల్పు, 18 మిల్లీమీటర్లు పొట్టి.

ఆఱు మిల్లీమీటర్లలో ఏమి మునుగునని అడుగరాదు. మన స్క్రిప్టులలో ఎడమ సగమున నటుల కదలికలును, కుడి సగమున మాటలును వ్రాయు పద్ధతి చిరకాలముగ కలదు. కావున కుడి అంచు తెగిన తెగునది సంభాషణయే. తెలుగు వాక్యము తన బలమునంతయు తుదియందు దాచుకొనును. తల్లితో కుమారుడు ‘నిన్ను వదలి నేనెక్కడికీ పోను’ అనవలసిన చోట తుది యక్షరము మార్జినున పడినచో మిగులునది ‘నిన్ను వదలి నేనెక్కడికీ పో’. జమీందారుతో గుమాస్తా ‘కూర్చోండి’ అన్నది ‘కూర్చో’ యగును. కథలో లేని తిరుగుబాటు మొదటి సీనునందే చెలరేగును. శుక్రవారమునాడు నిర్మాత బల్లపై పెట్టు రివ్యూ ప్రతులలో 2.75 రేటింగు 2 గా నిలిచిన, ఆ ముప్పాతికకు లోటు భరించువారెవ్వరు?

అలంకారము అర్థాపత్తి. ఎండుటాకునకే అంచు కలిగినప్పుడు కాగితమునకు వేఱుగ చెప్పవలయునా యను కైముతికన్యాయము స్పష్టము. ఛందస్సు ఆటవెలది, ఇందు బేసి పాదములు సరి పాదములకన్న దీర్ఘములగుటచే, అంచు తెగినచో మొదట గాయపడునవి అవియే.

శంకాసమాధానములు

శంక: అఱచేతనే తెర యుండగా కాగితమేల? సమాధానము: ఔట్‌డోరు ఎండలో ఫోను తెర అద్దమై నటుని ముఖమునే చూపును, డైలాగును చూపదు; మఱియు ఆఖరి నిమిషమున మాట కొట్టివేసి పైన వేఱొకటి వ్రాయుటకు పెన్నునకు కాగితమే ఆశ్రయము.

శంక: సగమునకు కుదించిన పీడ విరగడ కాదా? సమాధానము: కాదు. అక్షరములు చీమలగును, పెద్ద నటులు కళ్ళజోడునకై మనిషిని పంపుదురు, షాటు నిలిచిపోవును. కావున మొదట కాగితమును ఏ ఫోరుగ ఎంచుకొని, మార్జినును డిఫాల్టుననే యుంచి, స్కేలును 70, 80 శాతముల నడుమ సవరింపవలెను. వెడల్పైన పట్టికయైన ల్యాండ్‌స్కేపునకు త్రిప్పవలెను. ప్రకటనలు క్రిక్కిరిసిన పుటయైన రీడర్ మోడున తెఱచి, పీడీఎఫ్‌గా దాచి, దానిని దుకాణమునకు పంపవలెను. స్పైరల్ బైండింగు కోరువాడు ఎడమవైపున మఱికొంత విడువవలెను. హాలీవుడ్ స్క్రిప్టులలో ఎడమ మార్జిను అంగుళమున్నర యుండుట ఇందులకే. పుటను నిర్మించువారికిని బాధ్యత కలదు: ప్రింటునకు వేఱు స్టైలు వ్రాయు సదుపాయము 1998 నాటి సీఎస్‌ఎస్ రెండవ ప్రమాణముననే కలదు గనుక, మెనూలను దాచి, వెడల్పును కాగితమునకు లోబఱచుట వారికి నాలుగు పంక్తుల పని.

ఫలశ్రుతి

ఈ పద్యమును నిత్యము పఠించి ప్రివ్యూ చూచువాని డైలాగు, తొలి యక్షరమునుండి తుది యక్షరము వఱకు, చెక్కుచెదరక నటుని చేతికి చేరును. ఆపైన ఎడిటింగు గదియందలి కత్తెరకును, సెన్సారువారి కత్తెరకును ఈ పద్యము బాధ్యత వహింపదు.