వీపు మీద వారంటు

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు రైల్వే మంత్రి మారడమంటే ఇంటల్లుడు మారినట్టే. వారం రోజులు అదే ముచ్చట. 2012 మార్చిలో టికెట్ ధరలు పెంచిన పాపానికి దినేశ్ త్రివేది కుర్చీ దిగాడు, ముకుల్ రాయ్ ఎక్కాడు. సత్యజిత్ రాయ్ సినిమా ‘సోనార్ కెల్లా’ను గుర్తుచేస్తూ ఎవరో దీని మీద వ్యంగ్య చిత్రం తయారుచేశారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే అంబికేశ్ మహాపాత్ర దాన్ని నలుగురికి పంపాడు. గీసిన పాపం కూడా కాదు, పంపిన పాపం. ఏప్రిల్లో పట్టుకుపోయారు.

బొమ్మ పంపినవాణ్నే వదల్లేదు, ఇక హందలా అనే బొమ్మే గనక మన పోలీసులకు దొరికితే వాళ్ల గతేమిటన్నదే నా దిగులు. పాలస్తీనా కార్టూనిస్టు నాజి అల్ అలీ 1969లో కువైట్ పత్రిక్కి గీసిన కుర్రాడు వాడు. కాళ్లకు చెప్పుల్లేవు, బట్టలకు అతుకులు. 1973 తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని లోకానికి వీపు చూపించాడు. గుర్తింపు పరేడుకు నిలబెడదామంటే మొహం కనపడదు. చిరునామా రాసుకుందామంటే నాజి పుట్టిన అల్ షజరా 1948లోనే ఖాళీ అయింది. వయసు పదేళ్లు, సొంతూరికి చేరేదాకా పెరగడట, కాబట్టి ఎన్నేళ్లయినా బాలల కోర్టే. బేడీలకు మాత్రం కష్టం లేదు, చేతులు ముందే వెనక్కి పెట్టుకున్నాడు.

అలాగని మన సంఘాల సభల్లో ‘మేమూ హందలాలమే’ అంటూ ఎవరూ కళ్లు తుడుచుకోవద్దు. మన తాతలు శ్రీకాకుళం నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్నార్) కొలువుకొచ్చారు. సొంతూరు పోవాలంటే పాసుంది, రైలుంది, దిగితే ఊరూ ఉంది.

కళ్లు తుడుచుకోవాలంటే హిజ్లీ మన పక్కనే ఉంది. 1931 సెప్టెంబరు 16న అక్కడి నిర్బంధ శిబిరంలో నిరాయుధుల మీద కాల్పులు జరిపి సంతోష్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపారు. ఆ కట్టడంలో ఇప్పుడు ఐఐటీ వారి మ్యూజియం. పోయినవాడికి పూలదండ, దూరదేశపు కార్టూనుకు ఫోన్లో డీపీ. ఇక్కడ బతికున్నవాడు బొమ్మ పంపితే ఎఫ్ఐఆర్.

నాజిని 1987 జులై 22న లండన్ వీధిలో కాల్చారు. ఆగస్టు 29న చనిపోయాడు. ఆ హత్యకు ఇంతవరకూ ఎవరికీ శిక్ష పడలేదు. మహాపాత్ర మీద మోపిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. ఆయన్ని కేసులోంచి వదిలింది 2023 జనవరిలో.